గరుడ పక్షి పిల్ల నల్లగా ఎందుకుంది

కోపం వస్తే ముందు చేతిలో కత్తి కింద పెట్టడం గులాబ్‌బీ అలవాటు. కోళ్లు కొట్టి అమ్మే ఆడమనిషి కత్తి పట్టుకుని తిడితే చూసేవాళ్లు ఇంకేదో అనుకుంటారని, అంగడి పెట్టిన కొత్తలో మొగుడు అమీర్ బాషా నేర్పిన జాగ్రత్త అది. ఇరవై ఏళ్లలో ఆ అవసరం నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చేది. ఈ ఏప్రిల్‌లో మాత్రం కత్తి చేతిలో ఉన్న సమయం కన్నా మొద్దు మీద ఉన్న సమయమే ఎక్కువ.

ఆమె ఇల్లు జమ్మలమడుగులో, పెన్న వైపు దిగే వీధిలో ఉంది. ఇంటి ముందు రేకుల షెడ్డు, అదే చికెన్ అంగడి. ఇంటి వెనక సందులో మిద్దె కన్నా ఎత్తుగా పెరిగిన వేపచెట్టు. ఆమె పుట్టింది ప్రొద్దుటూరులో, పరుపులు కుట్టే వాళ్ల ఇంట్లో. అమీర్ బాషా కువైట్‌లో ఎనిమిదేళ్లు బండి నడిపి, మోకాళ్లు అరగదీసుకుని తిరిగి వచ్చాక ఇద్దరూ కలిసి ఈ అంగడి పెట్టారు. అల్లా పేరు చెప్పి కోయడం వరకు ఆయన వంతు. ఆపైన ఒలవడం, ముక్కలు కొట్టడం, తూచడం, వచ్చినవాళ్లతో మాట్లాడడం, మాట పడకపోవడం, అన్నీ ఆమె వంతు. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు. కోపం బాగా ముదిరితే మాత్రం ఏది ముందొస్తే అది.

నాలుగేళ్ల కింద ఆ వేపచెట్టు కొమ్మల చీలికలో ఒక గద్దల జంట గూడు కట్టింది. తల, రొమ్ము తెల్లగా, మిగిలిన ఒళ్లంతా ఇటుక రంగు. వీధిలో అందరూ దాన్ని గరుడ పక్షి అంటారు, కనబడితే కళ్లకద్దుకుంటారు. గులాబ్‌బీకి మాత్రం అది తీగ మీద ఆరేసిన ఆకుపచ్చ రవికె ఎత్తుకుపోయి గూట్లో పరుచుకున్న గద్ద. రెండు రోజులు దాన్ని తిట్టింది. మూడో రోజు మిద్దె ఎక్కి చూస్తే ఆ రవికె మీద రెండు గుడ్లు కనిపించాయి. గుడ్లు పెట్టిన దానితో ఇంకేం తగువు పడుతుంది? అప్పటినుంచి రోజూ పదకొండు గంటలకు కోడి పేగులు రేకుల మీదికి విసరడం, గద్ద వాలి ఎత్తుకుపోవడం, ఆమె మెట్లెక్కి పోయి పిట్టగోడకు ఆనుకుని చూడడం అలవాటయిపోయింది.

ఆ గూటికి వచ్చిపోయే వాళ్లలో ఎవరెలాంటివాళ్లో ఆమెకు బాగా తెలుసు. కాకులు జంటగా వచ్చి, ఒకటి తోక పీకితే రెండోది ముక్క లాగేస్తుంది. అవి పుట్టు దొంగలు. కొండల వైపు నుంచి వచ్చి చుట్టూ తిరిగే నల్లగద్ద కబ్జాదారు. గూటి కింది కొమ్మల్లో ఉండి రోజంతా అరిచే గోరువంకలు బాడుగ కట్టకుండా కాపురముండేవాళ్లు. చీలిన తోకతో వేలెడంత ఉండే పసులపోలిగాడు మాత్రం ఎంత పెద్ద పక్షి వచ్చినా నెత్తి మీద పొడిచి తరుముతాడు. ఆ వీధిలో మగతనం ఉన్నది వాడొక్కడికేనని గులాబ్‌బీ అభిప్రాయం. అమీర్ బాషా వినేలాగే అంటుంది.

ప్రొద్దుటూరులో డిగ్రీ చదివే కూతురు ఆర్షియాకు తల్లి పిచ్చి అర్థమయింది. అమెరికాలో ఎక్కడో చెట్టుమీద తెల్లతల గద్ద గూటికి కెమెరా పెట్టారు, రాత్రింబవళ్లు ఫోనులో వస్తుందని చూపించింది. మనకు పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళకు వాళ్లకు పొద్దున. నమాజు కాగానే గులాబ్‌బీ చాప మీదే కూర్చుని ఫోను చూసేది.

"యా అల్లా, దీని ముక్కు చూడు, మన కొడవలంత ఉంది! ఓ ఆర్షియా, ఆ కొమ్మ మీద దొంగ మాదిరి వంగి కూసున్నదేంది?"

"కాకిలాంటిదేలే అమ్మీ, రావెన్ అంటారు."

"ఏ దేశం పోయినా ఇవి తప్పవా? దాన్ని తరిమేకి ఆడ ఒక పోలిగాడు కూడా లేడా? అంత దుడ్లుండే దేశం!"

ఇలా పగలు ఒక గూడు, పొద్దుగూకి ఒక గూడు చూసుకుంటూ ఆమె తన పాటికి తాను తిట్టుకుంటూ సుఖంగా ఉండేది.

ఈ ఏడు రెండు గుడ్లలో ఒకటే పిల్లయింది. ఆ ఒక్క పిల్లకు నెల వయసు వచ్చి ఈకలు ముదురుతున్న వేళ, పక్కింటి శరత్ తమ మిద్దె ఎక్కి ఫోనుతో దాన్ని దగ్గరగా వీడియో తీశాడు. వాడు వీధి చివరి భజన మందిరం పూజారి సీతాపతి కొడుకు. వీడియోకు ఘంటానాదం కలిపి, 'జమ్మలమడుగులో సాక్షాత్తు గరుడుడు, సపరివారంగా' అని రాసి నాలుగు గ్రూపుల్లో పెట్టాడు. మరుసటి రోజు పది మంది వచ్చారు. ఆదివారం నాటికి ప్రొద్దుటూరు నుంచి, పులివెందుల నుంచి ఆటోల్లో దిగారు. వేపచెట్టు మొదట్లో పాలగిన్నె, అరటిపండ్లు, నానబెట్టిన పెసరపప్పు చేరాయి. కొమ్మకు మైకు కట్టారు. ఆ పప్పు పంచుకున్నది ఉడుతలు, పండ్లు తిన్నది గోరువంకలు. పై గూట్లోవాళ్లు ఎవ్వరూ కిందికి చూడలేదు.

అంతవరకు గులాబ్‌బీ కత్తి చేతిలోనే ఉంది. జనం వస్తే ఆమెకు నష్టమేముంది? ఆ కత్తి కింద పెట్టించినవాడు పులివెందులలో ఉన్న ఎవరో పెద్దమనిషి. 'తల్లి తెల్లతల, పిల్ల చూస్తే నల్లగా ఉంది. ఇది గరుడుని పిల్ల కాదు, మామూలు నల్లగద్ద పిల్ల. జమ్మలమడుగు వాళ్లు జనాన్ని మోసం చేస్తున్నారు' అని గ్రూపులో పెట్టాడు. వీధి పరువుకు దెబ్బ తగిలింది. పెద్దలు మందిరంలో కూర్చున్నారు. కారణం వెదికారు. కారణం రేకుల షెడ్డు కింద కూర్చుని లెగ్ పీసు కొడుతోంది.

సీతాపతి భార్య రుక్మిణమ్మ మెల్లగా వచ్చింది. ఇరవై ఏళ్లుగా గోడ మీదుగా కరివేపాకు, పుట్టినింటి కబుర్లు ఇచ్చిపుచ్చుకున్న మనిషి.

"ఏమనుకోవద్దు గులాబీ. నువ్వేసే పేగులు తినీ తినీనే గదా ఆ బిడ్డకు ఆ రంగొచ్చింది అంటాండారు అందరూ."

గులాబ్‌బీ కత్తి కింద పెట్టింది.

"ఏందక్కా? ఇంగోసారి చెప్పు."

రుక్మిణమ్మ పక్కకు జరిగింది. ఆమె వెనక పదిమందితో సీతాపతి నిలబడి ఉన్నాడు. మంచి మనిషే, కోపం తెలియదు, తలమీద ఒక్క వెంట్రుక లేదు. ఆయనే అందుకున్నాడు.

"ఆహారాన్ని బట్టే గదమ్మా వర్ణం. తల్లిదండ్రులు పుణ్యపక్షులు. పిల్లకు పడకూడని తిండి పడింది. కొన్ని దినాలు ఈ... ఈ పని ఆపితే, రంగు తిరుగుతాదని మా ఆశ."

"సామీ, ఆ తల్లిదండ్రులకు కూడా నాలుగేండ్లుగా నేనే పెడతాండా. వాటికి రంగు యాడ పోయింది? పోయినేడు పిల్ల కూడా ఇట్లే నల్లగా ఉండె. దాని ముందేడుదీ అంతే. రెండేండ్లు పోతే తల తానే తెల్లబడతాది."

"పోయినేడు కూడా నీ అంగడి ఉండె గదమ్మా" అన్నాడు సీతాపతి, చాలా నెమ్మదిగా.

వెనకున్నవాళ్లు తలలూపారు. గులాబ్‌బీకి ఉర్దూ ముందొచ్చింది. దాన్ని మింగి తెలుగులో అంది.

"మీ శరత్తు పుట్టినప్పుడే మీ మాదిరి బట్టతలతో ఉండెనా సామీ? ఇరవై నాలుగేండ్లొచ్చినా నెత్తిన గంపంత జుట్టు పెట్టుకోని తిరుగుతాండాడే, వానికేం తినిపిచ్చినారు మీరు?"

సీతాపతి వెంట వచ్చిన పదిమందిలో ఏడుగురు నవ్వారు. రుక్మిణమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. శరత్ చెయ్యి తనకు తెలియకుండానే జుట్టు మీదికి పోయింది. సీతాపతి ఉత్తరీయం తీసి తలమీద కప్పుకుని వెళ్లిపోయాడు. గెలిచానని గులాబ్‌బీ కత్తి అందుకుంది. నలుగురిలో నవ్వులపాలైన నెమ్మది మనిషి ఎంత పని చేయగలడో ఆమె లెక్కవేయలేదు.

సాయంత్రం మైకు మోగింది.

"భక్తులకు మనవి. పక్షిరాజు సంతానము శుభవర్ణము పొందే నిమిత్తము పదకొండు దినములు ఈ వీధిలో జీవహింస నిలుపుదల చేయడమైనది. గులాబ్‌బీ గారు ఇందుకు అంగీకరించి సహకరిస్తున్నందుకు ధన్యవాదములు."

అంగీకారం ఎవరడిగారు? ఎవరిచ్చారు? ఇరవై ఏళ్లలో ఆ వీధిలో ఒక్కరు ఆమెను 'గారు' అన్న పాపాన పోలేదు. తీరా అన్నది అంగడి మూయించడానికి!

"పోనీలేవే, పదకొండు దినాలే గదా" అన్నాడు అమీర్ బాషా. "గొడవెందుకు? బస్టాండు కాడ నాసిర్ అంగట్లో కొట్టుకుందాం." నాసిర్ ఆయన తమ్ముడు.

"అంగడిదేముంది! నాసిర్ మొద్దయితేనేం, నా మొద్దయితేనేం. ఆ పిల్ల నోట్లో ఎవరు పెడతారు?"

"దానికి అమ్మానాయనా ఉండారు గదా."

"పెన్నలో చుక్క నీళ్లుండాయా చేపలు పట్టేకి? మైలవరం డ్యాము దాకా పోయి రావల్ల. పోయొచ్చే లోపల ఆ కాకులు, ఆ కబ్జాదారుడు ఊరుకుంటారా? ఆకలికి చస్తాది. చస్తే నా పేగులు లేకనే చచ్చిందని ఎవరన్నా మైకులో చెప్తారా?"

ఆయన మోకాలు రుద్దుకున్నాడు.

మరుసటి రోజు నుంచి పొద్దున నాసిర్ అంగడికి పోవడం, సాయంత్రం అసుర్ నమాజు దాటాక రావడం. మొదటి రోజు కవరులో పేగులు తెచ్చి మిద్దె మీద వేయబోతే కింద కాపలా ఉన్న కుర్రాళ్లు "ఏమ్మా, మైల, మైల" అని అరిచారు. వాళ్ల అరుపుకు గద్ద లేచిపోయింది. రెండో రోజు సాయంత్రం గులాబ్‌బీ కూతురి ఫోను పట్టుకుని నేరుగా మందిరానికే పోయింది. మెట్ల కింద నిలబడి అందరికీ చూపించింది. అమెరికా గూట్లో తల్లి తల పాలలా ఉంది, పక్కన పిల్ల బొగ్గులా ఉంది.

"చూడండి సామీ. తెల్లతల తల్లి. నల్ల పిల్ల. ఈ జాతికి అయిదేండ్లకు గానీ తల తెల్లబడదంట, నా కూతురు చదివి చెప్పింది. దీనికి నేనేమన్నా విమానంలో పేగులు పంపిచ్చినానా?"

అప్పుడే తండ్రి గద్ద ఇంతలావు చేపను తెచ్చి గూట్లో పడేసి చీల్చసాగింది. రుక్మిణమ్మ ముఖం తిప్పుకుంది.

"అది ఫారిన్ గరుడుడు. వాని లెక్క వేరు" అన్నారెవరో వెనకనుంచి. మాట అక్కడితో ముగిసింది.

మూడో రోజు గూట్లోంచి పిల్ల అరుపు ఎడతెగకుండా వినిపించింది. కింద భజన. తల్లి డ్యాము వైపు పోయి ఎండ తిరిగాక వచ్చింది, ఉత్త కాళ్లతో. నాలుగో రోజు అరుపు సన్నగిల్లింది. నల్లగద్ద గూటి అంచునే వాలితే పోలిగాడు ఒక్కడే దాని నెత్తి మీద పొడుస్తున్నాడు. అయిదో రోజు గులాబ్‌బీ వచ్చి చూసేసరికి పిల్ల రవికె గుడ్డ మీద మెడ వాల్చేసి ఉంది. నోరు తెరవడం లేదు. ఆమె పిట్టగోడ పట్టుకుని అలాగే నిలబడింది. తిట్టడానికి ఉర్దూ రాలేదు, తెలుగూ రాలేదు.

దీపాలు పెట్టే వేళకు పెరటి తలుపు చప్పుడయింది. తీస్తే సీతాపతి. చేతిలో మూత ఉన్న స్టీలు డబ్బా. తలమీద ఉత్తరీయం, ఈసారి కళ్లదాకా.

"గులాబీ... అదీ... నీ దగ్గర రవ్వంత ఉంటే..."

"ఏది సామీ?"

"అదేమ్మా."

"కరివేపాకా? మీ ఇంట్లోనే ఉందే."

"కాదమ్మా. ఆ పక్షికి... లోపలిది."

"దేని లోపలిది?"

ఆయన రెండు పక్కలా చూశాడు. "కోడి లోపలిది" అన్నాడు, చెవిలో చెప్పినట్టు. ఆ తర్వాత గొంతు మారింది. "పొద్దున్నుంచీ ఆ పిల్ల తలెత్తలేదమ్మా. నేను పాలు పెడతాండా, పండ్లు పెడతాండా, అది నా వైపు కూడా చూడలేదు. దానికేమన్నా అయితే ఆ పాపం నాది. ఎవరికీ తెలీకుండా నేనే పోయి పెట్టొస్తా."

నిజానికి గులాబ్‌బీకి జాలి వేసింది. ఆ డబ్బాలోకి చూస్తే లోపల అరిటాకు కూడా పరిచి ఉంది. జాలి వేసినందుకు ఇంకా కోపం వచ్చింది.

"ఎవరికీ తెలీకుండానా! నా అంగడి మూయించింది మైకులో. ఊరంతా విన్యాది. పులివెందుల నుంచి మా చిన్నమ్మ ఫోను చేసి, ఏం పాపం చేస్తివే అని అడిగె. ఇప్పుడు పెరటి తలుపులో డబ్బా పట్టుకోని వస్తారా? తెరవమని కూడా మైకులోనే చెప్పల్ల సామీ."

"మైకులోనా?" సీతాపతి ముఖం వాడిపోయింది. "ఏమని చెప్పేదమ్మా?"

"అది మీ తిప్పలు. ముందు బిడ్డ తిననీ. తెల్లవారి అయిదున్నరకు మిద్దె మీదికి రాండి. ఇట్ల ముసుగేసుకోని కాదు, మామూలుగా రాండి."

ఆయన తెల్లవారి వచ్చాడు. బాషా అప్పటికే రెండు కోళ్లు కోసి ఉంచాడు. గులాబ్‌బీ పళ్లెంతో పిట్టగోడ మీద పేగులు పరిచింది. తల్లి గద్ద కొమ్మ మీంచి చూస్తోంది, దిగడం లేదు. మైకులో సుప్రభాతం హోరెత్తుతోంది. గులాబ్‌బీ మైకు వైపు, సీతాపతి వైపు ఒకసారి చూసింది. ఆయన పిట్టగోడ మీంచి వంగి, "ఒరే శరత్తూ, ఆపు!" అని కేకేశాడు. కేక విని శరత్ కంగారుపడి వైరే పీకేశాడు. వీధి నిశ్శబ్దమయింది. ఇద్దరూ నీళ్ల డ్రమ్ము చాటున నక్కి కూర్చున్నారు. కోళ్ల రక్తపు పళ్లెం సీతాపతి పంచెకు ఆనుకుని ఉంది. ఆయన జరగలేదు.

గద్ద దిగింది. ఒక్క ఎత్తు ఎత్తుకుపోయి గూటి అంచున వాలి, చీల్చి, పిల్ల ముక్కు దగ్గర పెట్టింది. పిల్ల కదలలేదు. మళ్లీ పెట్టింది. సీతాపతి పెదవులు ఏదో శ్లోకం చదువుతున్నాయి, గులాబ్‌బీ పెదవులు ఏదో దువా. మూడోసారికి పిల్ల మెడ ఎత్తింది. నోరు తెరిచింది.

"తిన్యాది!" అన్నాడు సీతాపతి, గులాబ్‌బీ చెయ్యి పట్టుకుని. పట్టుకున్నానని తెలిసి వదిలేశాడు. "తిన్యాది గదమ్మా!"

"తిన్యాదిలే సామీ. మైకు మాట మరిచిపోవద్దు."

ఇప్పుడు ఆయన చెప్పకపోయినా గడిచిపోతుంది. రోజూ తెల్లవారి గుట్టుగా ఇలాగే కానిచ్చుకోవచ్చు. అది ఆమెకూ తెలుసు. అయినా ఆరోజు ఆమె నాసిర్ అంగడికి పోలేదు. తన షెడ్డులో మొద్దు కడిగి, షట్టరు సగమే ఎత్తి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదయింది. తొమ్మిదయింది. ప్రొద్దుటూరు ఆటోలు వచ్చాయి. తొమ్మిదిన్నరకు మైకు గరగరమంది.

"భక్తులకు మనవి. పక్షిరాజు పిల్ల ఆహారము లేక నీరసించినది. పెద్దలమైన మేము ఆలోచన లేక నిలుపుదల చేయించిన... ఆ విక్రయశాల... నేటినుంచి యథావిధిగా..."

"ఏ విక్రయశాలో చెప్పండి సామీ!" గులాబ్‌బీ షెడ్డులోంచే అరిచింది.

మైకులో నిట్టూర్పు వినిపించింది. వీధంతా వింది.

"గులాబ్‌బీ గారి చికెన్ అంగడి" అన్నాడు సీతాపతి. అని, ఏమనుకున్నాడో ఏమో, "పిల్ల నల్లగానే ఉంటాది. మా వాడు నా మాదిరి పుట్టలేదు, అదీ అంతే" అన్నాడు, మామూలు గొంతుతో. ఈసారి పదిమందీ నవ్వారు, ఆయన కూడా. గులాబ్‌బీ షట్టరు పూర్తిగా ఎత్తింది.

మే నెల నడిమికి పిల్ల కొమ్మ మీదినుంచి కరెంటు తీగ మీదికి, తీగ మీదినుంచి షెడ్డు రేకుల మీదికి ఎగరసాగింది. జనం తగ్గారు గానీ ఆగలేదు. ఒక ఆదివారం పులివెందుల నుంచి కారులో వచ్చిన ఒకావిడ చెంబుతో పాలు పట్టుకుని చాలాసేపు చెట్టంతా వెదికింది. చివరికి అంగడి ముందుకు వచ్చింది.

"ఏమ్మా, గరుడుని పిల్ల యాడుంది? కనపడలేదే."

"మీ నెత్తిమీదే ఉంది గదమ్మా. మొక్కుకోండి."

ఆవిడ తలెత్తింది. రేకుల అంచున నల్లటి పిల్ల కూర్చుని, కాలి కింద పేగు పట్టుకుని లాగుతోంది.

"థూ, ఇదా? ఇది ఉత్త గద్ద గదా!" ఆవిడ పాలచెంబు కొంగు కింద దాచుకుంది, ఎక్కడ దాని చూపు పడుతుందోనని. "అసలుది యాడుందో చెప్పమ్మా, అంత దూరం నుంచి వచ్చినాం."

ఆవిడ వెనక పాతిక మంది ఆదివారం గిరాకీ కాచుకుని ఉంది.

"దాని తల తెల్లబడేకి రెండేండ్లు పడతాది. అప్పుడు రాండి" అంది గులాబ్‌బీ. "ఇప్పుడు నాకు పొద్దుపోతాంది. చెప్పండి, మీకు స్కిన్‌తో కొట్టల్లనా, స్కిన్ లేకుండానా?"